నీళ్ళ లెక్క

పొద్దున్నే పత్రిక వచ్చి గుమ్మంలో పడగానే ఎవరి పేజీ వాళ్ళు వెతుక్కుంటారు. కొందరికి రాశిఫలాలు, కొందరికి బంగారం ధర, పెళ్ళీడు పిల్లలున్న వారికి ఆదివారం నాటి సంబంధాల ప్రకటనలు. మా పెబ్బేరులో మాత్రం జూన్ దాటి ఆకాశాన నాలుగు మబ్బులు కనిపించాయంటే చాలు, చదువుకున్న వాడూ, పక్కవాడి చేత చదివించుకొనే వాడూ కూడా జిల్లా పేజీలో ఒక మూల ఉండే చిన్న గడి కోసం వెతుకుతారు. అందులో పెద్ద విశేషమేమీ ఉండదు. జూరాల: పూర్తి మట్టం 1,045 అడుగులు, నేటి మట్టం ఇంత. శ్రీశైలం: పూర్తి మట్టం 885 అడుగులు, నేటి మట్టం ఇంత. వచ్చే నీరు ఇన్ని క్యూసెక్కులు, పోయే నీరు ఇన్ని. అంతే. ప్రబంధాలు చెప్పుకొని పొట్టపోసుకొనే నా వంటి తెలుగు పంతులుకు అందులో రసమేమున్నదని మీరు అడగవచ్చు. ఉన్నది. చెబుతాను.

ముందు మా ఊరి సంగతి రెండు ముక్కలు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే రహదారి మీద కొత్తకోట దాటాక, కృష్ణ వంతెన ఇంకా రాకముందే తగులుతుంది మా పెబ్బేరు. శనివారం నాడు సంతకు వచ్చిన కోడెల మెడగంటలు వింటే కొత్తవాళ్ళు కూడా బస్సు కిటికీలోంచి తలలు బయట పెడతారు. 2016లో వనపర్తి జిల్లా అయ్యే దాకా మాదీ పాలమూరే. కృష్ణమ్మ కన్నడ దేశం దాటి మన గడ్డ మీదికి రాగానే జూరాల దగ్గర ఆగుతుంది. అక్కడ నుంచి బీచుపల్లి హనుమంతుడి పాదాల ముందుగా సాగి, అలంపురం దాటాక తుంగభద్రను కలుపుకొని, ఆపైన నదిలా కాక సముద్రంలా పరచుకుంటుంది. ఆ పరుపంతా శ్రీశైలం జలాశయపు వెనుకనీరు. పైన 1,045, కింద 885, ఆ రెండంకెల నడుమ మా బ్రతుకులు.

ఆ అంకెలు గీత దాటనంత వరకే మనకు చుట్టాలు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణం నీట మునిగినప్పుడు, 885 దగ్గర ఆగవలసిన శ్రీశైలం మట్టం 896 దాటిపోయింది. 19 లక్షల క్యూసెక్కులు విడవడానికి లెక్కగట్టి కట్టిన ఆనకట్ట మీదికి 25 లక్షలకు పైగా వచ్చి పడ్డాయి. అలంపురం మునిగింది. మేము బీచుపల్లి వైపు వెళ్ళి చూస్తే ఘాటు మెట్లు ఎన్ని ఉండేవో జ్ఞాపకం తెచ్చుకోవడమే తప్ప లెక్కపెట్టడానికి ఒక్కటీ కనబడలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా అన్నకు జూరాల ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరిమడి ఉన్నది. మట్టం పెరుగుతున్న కొద్దీ మా అన్న ముఖం వికసిస్తుంది. మా అమ్మ లెక్క వేరు. ఆమె జూరాల అంకెను పట్టించుకోదు. ఆమెకు కావలసింది శ్రీశైలం. అది పెరిగితే మౌనం, తగ్గితే హుషారు.

"శ్రీశైలం ఎంతుంది బిడ్డా?"

"ఎనిమిది నూర్ల డెబ్భై మూడమ్మా."

"ఇంకా శానా ఉందిలే."

ఆ 'శానా'లో ఉన్న నిట్టూర్పు మా అన్నకు గిట్టదు. "ఊరంత నీళ్ళకు మొక్కుతుంటే నువ్వేందమ్మా ఎండిపోవాల్నంటవు?" అంటాడు. ఆమె ఎండిపోవాలని అనదు. దిగాలంటుంది. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా నా విద్యార్థులకు చెప్పవలసి వస్తే ఒక పీరియడు పడుతుంది.

మా అమ్మ పుట్టిల్లు కొల్లాపురం వైపు, కృష్ణ ఒడ్డుకు దాదాపు రెండు మైళ్ళ లోపల ఉండేది. ఉండేది అనే అనాలి. శ్రీశైలం జలాశయం కింద నూరుకు అటూ ఇటూగా పల్లెలు పోయాయి, అందులో అదొకటి. అప్పుడు నేను చంకలో బిడ్డను; చెప్పేదంతా విన్న మాటే. కొలతల వాళ్ళు వచ్చి ఊరి వెనుక గుట్ట వాలులో ఒక రాయి పాతి, దాని మీద అంకె రాసి, నీళ్ళు ఇక్కడి దాకా వస్తాయని చెప్పి పోయారట. మా తాత ఆ రాయి దగ్గర నిలబడి కిందికి చూశాడట. ఊరు కాళ్ళ కింద ఉన్నది. గుడి ధ్వజస్తంభం కొస కూడా ఆ రాయి కంటె దిగువనే ఉన్నది. ఏరు చూస్తే రెండు మైళ్ళ అవతల సన్నగా వెండి తీగలా మెరుస్తున్నది. "ఏరు గుట్టెక్కుతదా? వీళ్ళకు లెక్క తప్పింది" అని నవ్వుకొని దిగి వచ్చాడట. లెక్క తప్పలేదు. 1981 వేసవిలో ఇండ్లు ఖాళీ చేయించి కూలదోశారు. ఆ ఏడు వానలకు ఏరు గుట్ట ఎక్కింది.

తాత బండి మీద తెచ్చుకొన్న దర్వాజ ఇప్పుడు పెబ్బేరులో మా ఇంటి నడిమింటికి ఉన్నది. టేకుది. వాకిట్లో పాతిన రోలు మాత్రం తేలేకపోయారు. పెళ్ళినాడు మా అమ్మ పసుపు దంచిన రోలు అది. పరిహారం ఎకరాకు ఎంత వచ్చిందో, అది ఎన్ని విడతలుగా వచ్చిందో, దాన్ని తెచ్చుకోవడానికి ఎన్ని కచేరీల మెట్లు ఎక్కవలసి వచ్చిందో తాత చెప్పేవాడు గాని, ఆ కథ ఈ దేశంలో ఏ ఆనకట్ట కింది వాడిని కదిపినా చెబుతాడు గనుక ఇక్కడ వదిలేస్తాను.

ఒక్క మాట మాత్రం వదలలేను. అదే నీటి కింద పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళను కూడా అలాగే తరలించారు. చాళుక్యుల నాటి శిల్పం. కాపాడిన వారికి చేతులెత్తి మొక్కాలి. నేను పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయినప్పుడల్లా ఆ గోడల ముందు గంటసేపు ఉపన్యసిస్తాను. మా అమ్మను తీసుకువెళ్ళినప్పుడు ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నందిని తడిమి, "దేవునికి ఇల్లు తెచ్చిచ్చిండ్రు. మంచిగుంది" అన్నది. తర్వాత ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆమె అంకెలెందుకు అడుగుతుందో మీకు తెలిసిపోయి ఉంటుంది. జలాశయం ఏడాదంతా నిండుగా ఉండదు. సంక్రాంతి దాటాక దిగడం మొదలై, ఎండలు ముదిరేసరికి ఒడ్డున ఉన్న పల్లెల పునాదులు ఒక్కొక్కటే పైకి తేలుతాయి. సోమశిలకు ఎదురుగా ఏరు అవతల ఉన్న సంగమేశ్వరం గుడి సంగతి అందరికీ తెలిసిందే. నీళ్ళు దిగిన నెలల్లోనే ఆ స్వామికి భక్తుల దర్శనం, తక్కిన కాలమంతా జలవాసం. మా వాళ్ళ పల్లెకు పేరూ లేదు, భక్తులూ లేరు. దాని లెక్క మా అమ్మకూ, ఆ ఊరి నుంచి చెదరిపోయిన మరి కొందరు ముసలివాళ్ళకూ మాత్రమే తెలుసు. 'ఎనిమిది నూర్ల యాభై దిగితే మన బావి గట్టు కనబడ్తది, ఇంకో రెండు దిగితే మన వాకిలి' – ఇదీ ఆ లెక్క. కొన్ని వేసవుల్లో వాళ్ళంతా కలుసుకొని, పగిలిన ఒండ్రు మీద నడుచుకుంటూ పోయి, ఎవరి వాకిట్లో వాళ్ళు కూచుని, తెచ్చుకొన్న సద్ది తిని తిరిగి వస్తారు.

నేను భాష చెప్పుకొనే వాణ్ణి గనుక నాకు ఈ అడుగుల మాట ఎప్పుడూ వింతగానే ఉండేది. నీటిని కొలవడానికి మనకు మాటలు కరువా? చీలమండ లోతు, మోకాలి లోతు, మొల లోతు, రొమ్ము లోతు, పీకల లోతు, నిలువు లోతు, ఏనుగు లోతు. మనిషి తన ఒంటినే కొలబద్దగా నిలబెట్టి నీళ్ళలోకి దిగాడు. ఈ కొలతలో ఒక గొప్ప సుగుణం ఉన్నది: లోతూ, ప్రమాదమూ ఒకే మాటలో తెలిసిపోతాయి. పీకల లోతు అన్నాక ఇక హెచ్చరిక బోర్డు అక్కరలేదు. చెరువు దగ్గరికి వస్తే అదీ లేదు. మా పాలమూరు చెరువుకు ఒకటే కొలత, మత్తడి దుంకిందా, లేదా? దుంకితే రెండు పంటలు. దుంకకపోతే తూము దగ్గర పంచాయితీ. ఎన్ని అడుగులని ఎవడూ అడగడు.

మరి ఈ 885 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి? ఆనకట్ట అంత ఎత్తు లేదు. ఏరు అంత లోతు లేదు. ఈ ప్రశ్న ఒకనాడు మా అమ్మే అడిగింది. "ఎనిమిది నూర్ల ఫీట్లంటే ఎన్ని తాటిచెట్లు బిడ్డా? అంత లోతు ఏడున్నది ఆడ?" ఎం.ఏ. పట్టా గోడకు వేలాడుతుండగా నేను నోరు వెళ్ళబెట్టాను. మరునాడు కాలేజీలో మా ఫిజిక్సు సారును పట్టుకొన్నాను.

"లోతు కాదు సార్, ఎత్తు. సముద్రమట్టానికి ఎత్తు" అన్నాడాయన.

"సముద్రం ఇక్కడ ఎక్కడుంది సార్?"

"ఎక్కడున్నా లెక్క అక్కడి నుంచే."

తరువాత ఆ వారమంతా స్టాఫ్ రూములో ఆయన చెప్పిన దాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. సముద్రం ఒక్క తీరున నిలిచేది కాదు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అవీ ఒకే వేళకు రావు. ఈ రోజు పోటు కంటె రేపటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యం, ఎందుకంటే చంద్రుడు రోజూ అంత ఆలస్యంగానే ఉదయిస్తాడు గనుక. అమావాస్యకూ పున్నమికీ పోటు ఉద్ధృతం. అష్టమి నవములకు నెమ్మది. ఇట్లా ఎగిరి దుమికే దాన్ని సున్న అని ఎట్లా అంటారు? అందుకని తీరాన బావి వంటి ఒక గొట్టం కట్టారు. అడుగున చిన్న రంధ్రం. అలల గంతులు అందులోకి రావు. నీటి నెమ్మదైన ఎక్కుడు దిగుడు మాత్రమే వస్తుంది. లోపల తేలే బిళ్ళ, బిళ్ళకు తీగ, తీగ చివర కలం, కలం కింద గడియారంతో తిరిగే డోలుకు చుట్టిన కాగితం. రాత్రింబవళ్ళు సముద్రం తన దస్తూరితో తానే దినచర్య రాసుకుంటూ పోతుంది. చంద్రుని నడకలో పద్దెనిమిదేళ్ళు దాటిన పెద్ద సుడి ఒకటి ఉన్నదట. అంచేత సరియైన సగటు రావాలంటే పందొమ్మిదేళ్ళ కాగితాలు కావాలట. నా సహోద్యోగులలో కొందరు పందొమ్మిది రోజులు కూడా హాజరుపట్టీ సరిగా రాయరు.

మన దేశానికి ఆ సున్నను సర్వే ఆఫ్ ఇండియా వారు 1909లో ఖాయం చేశారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరాన ఫాల్స్ పాయింట్ – ఈ తొమ్మిది రేవుల్లో సముద్రపు సగటు మట్టాన్ని సున్నగా పెట్టుకొన్నారు. 1858 నుంచి అర్ధ శతాబ్దం పాటు దేశం నలుమూలలా కర్ర నిలబెట్టి, దుర్భిణి పెట్టి చూసి, రాయి నుంచి రాయికి ఆ సున్నను మోసుకొంటూ వచ్చారు. మన విశాఖ సముద్రం పోటెత్తి తగ్గిన లెక్క కూడా అందులో చేరి, కొండలెక్కి, గుట్టలు దాటి, చివరకు మా తాతగారి ఊరి వెనుక వాలులో ఒక రాయి మీద అంకెగా కూచున్నదన్న మాట. ఇప్పుడు గొట్టాల పక్కన రాడారు యంత్రాలు వచ్చాయి. ఆ కొలతలన్నీ క్షణక్షణం చేరే కేంద్రాలలో ఒకటి, ఇన్‌కాయిస్ అనేది, సముద్రమే లేని హైదరాబాదులో ఉన్నది. సునామీ హెచ్చరిక కూడా అక్కడి నుంచే. తీరాన ఉన్నవాడికి హైదరాబాదు వాడు సముద్రం వస్తోంది జాగ్రత్త అని చెప్పే కాలం!

ఆ సున్న నుంచి గీసిన గీతలు కృష్ణ ఒడ్డునే కాదు, ఎక్కడైనా మనుషుల్ని అటో ఇటో నెడతాయి. కొల్లేటిలో అయిదో కాంటూరు అన్న మాట మీరు పత్రికల్లో చూసే ఉంటారు. 1999లో ఆ గీత లోపలి కొల్లేరును పక్షుల అభయారణ్యమన్నారు. 2006లో గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. గీతకు అటు కొంగ, ఇటు మనిషి. నేను పక్షం వహించను. రెండింటికీ ఇల్లు కావాలి.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. అంతా విని, "అయితే ఆ సున్న ఏడుంటదో ఒక్కసారి సూపియ్యి" అన్నది. ఆమె అప్పటికి సముద్రం చూడలేదు. మా చెల్లెలి కూతురిని సూళ్ళూరుపేటలో ఇచ్చాం; 2024 సంక్రాంతి సెలవుల్లో తిరుపతి మొక్కు తీర్చుకొని అటు నుంచి అటే వెళ్ళాం. అక్కడ నుంచి తడ దాకా పోయి, భీములవారిపాలెం దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున దిగాం.

పులికాట్ సముద్రం కాదు, చెరువూ కాదు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి గోడలా అడ్డం. ఎక్కడో కొన్ని చోట్ల ఇసుక తెగి మొగలు ఏర్పడతాయి. ఆ మొగల గుండా పోటునీరు లోపలికి, పాటునీరు బయటికి. ఈశాన్య రుతుపవనాలకు కాళంగి, ఆరణి ఏళ్ళు తీపినీళ్ళు తెచ్చి పోస్తాయి. అప్పుడు నిండు. ఎండల్లో మొగలు ఇసుకతో పూడుకుపోతే లోపలి నీరు కుంచించుకుపోతుంది, ఉప్పు ముదురుతుంది, ఉత్తరం వైపు ఒట్టి బురద పర్ర. నిండినప్పుడు 450 చదరపు కిలోమీటర్ల దాకా పరచుకొనే సరస్సు, తగ్గినప్పుడు 250కి కుదించుకుపోతుంది. ఇంతా చేసి సగటు లోతు మీటరు పైచిలుకే! అంత పలుచని నీరు గనుకనే జానెడు పోటుకు కూడా మైళ్ళ నేల మునిగి తేలుతుంది. ఆ పలుచని నీళ్ళలో పొడుగు కాళ్ళ మీద రాజహంసలు, ఫ్లెమింగోలు లెండి, బారులు తీరి నిలబడి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే గులాబి రంగు ఉతుకుబట్టలు ఆరేసినట్టున్నది. మనుచరిత్ర చెప్పే నోటితో ఉతుకుబట్టల ఉపమానమా అంటే, నాకు తోచింది అదే.

పడవవాడు పొడుగాటి కర్రతో నేల తన్ని పడవ నడిపిస్తున్నాడు. ఇంజను ఉన్నది, అయినా లోతు లేని చోట కర్రే దిక్కు. ఆ కర్ర మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. మా అమ్మ కన్ను వాటి మీద పడింది.

"అవేంది నాయనా?"

"కార్తీకంలో ఇంత నీళ్ళుంటాదమ్మా" అని పై గాటు చూపాడు. "ఇప్పుడు ఇంత. చిత్తిరి నెలకు మోకాలిబంటి. మొగ పూడిపోయిన ఏడైతే అదీ లేదు, పడవ ఈడ్చుకోవాల్సిందే."

మొలబంటి, మోకాలిబంటి! మా వైపు లోతు అన్న చోట వీరు 'బంటి' అంటారు. నేను జేబులో పుస్తకం తీసి రాసుకుంటూ ఉండగా మా అమ్మ అసలు ప్రశ్న అడిగేసింది.

"ఇది సముద్రానికి ఎన్ని ఫీట్ల మీదుంది?"

వాడు తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. "మీద ఏందమ్మా? ఇదే సముద్రం. పోటుకు ఈడికొస్తాది, పాటుకు పోతాది. మొగ కాడైతే బాగా తెలుస్తాది. ఈడికొచ్చే లోపల దానికి ఆయాసం వచ్చి జానెడుకి పడిపోతాది."

"అయితే సున్న గూడ కదుల్తదన్నట్టు" అన్నది మా అమ్మ, నా వైపు తిరిగి. సగటు తీస్తారమ్మా, పందొమ్మిదేళ్ళ సగటు, అన్నాను. ఆమె ఒప్పుకొన్నట్టు కనిపించలేదు. వాడి కర్రను మాత్రం చేతిలోకి తీసుకొని, తానే నీళ్ళలో దించి చూసింది. నీళ్ళు మొల దాకా. ఆపైన మరో మూరెడు మెత్తగా దిగిపోయింది.

"అది బురదమ్మా. బురద లోతు నీళ్ళ లోతు కిందికి రాదు" అన్నాడు పడవవాడు. "యేటేటా పెరుగుతాది బురద. నీళ్ళు అంతే ఉన్నట్టే కనిపిస్తాది. లోపల తగ్గిపోయుంటాది."

పడవవాడి ఆ మాటకు శ్రీశైలంలో లెక్కలు ఉన్నాయని ఇంటికి వచ్చాక మా ఫిజిక్సు సారు చూపించాడు. జలాశయం కట్టిన నాడు 885 అడుగుల దగ్గర అందులో పట్టే నీరు 308 టీఎంసీలు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. నేడు అదే 885 అడుగుల దగ్గర పత్రికల్లో పడే అంకె 215. అడుగులు మారలేదు. మట్టం మారలేదు. తొంభై టీఎంసీలకు పైగా చోటును కృష్ణా తుంగభద్రలు మోసుకొచ్చిన ఒండ్రు ఆక్రమించింది. పెట్టె అంతే ఉన్నది, అడుగున ఇటుకలు పేర్చుకుంటూ వచ్చారు. మా అన్నకు ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. శ్రీశైలం నిండితే చాలని సంబరపడే రైతు ఆయన ఒక్కడే కాదు గదా. నిండడమంటే ఎంత నిండడమో గడిలో ఉన్నా ఎవరూ చదవరు.

ఆ ముందటి ఏడు, 2023లో, వానలు సరిగా లేక కృష్ణకు నీళ్ళు రాలేదు. అంచేత 2024 వేసవికి శ్రీశైలం మట్టం బాగా దిగిపోయింది. మా అమ్మ చెప్పే ఎనిమిది నూర్ల యాభై ఎప్పుడో దాటిపోయింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆమెనూ, ఆ ఊరి వాళ్ళే ఇంకో ఇద్దరు ముసలమ్మలనూ తీసుకొని కొల్లాపురం బస్సెక్కాను. అక్కడ నుంచి ఆటో. ఆటో ఆగిన చోట నుంచి నడక. మా అమ్మ చేతికి ఒక వెదురు కర్ర తెచ్చుకొన్నది. మోకాళ్ళ నొప్పులకని అనుకొన్నాను.

లెక్క ప్రకారం ఊరు కనబడాలి. కనబడలేదు. బావి గట్టు మాత్రం ఒక వంక కొంచెం తేలి, పాత దంతంలా ఉన్నది. మిగిలినదంతా సమంగా, నున్నగా, ఎండి బీటలు వారిన ఒండ్రు. దాని మీద ఎవరో దున్ని పంట కూడా తీసుకొన్నారు, మోళ్ళు కనిపిస్తున్నాయి. పదేళ్ళ కిందట అక్కడే కూచుని సద్ది తిన్న ముసలమ్మలు ఇది మనది కాదేమో, దారి తప్పామేమో అని దిక్కులు చూశారు. దూరాన గుట్ట వాలులో తాత చూసిన రాయి ఉన్నదో లేదో గాని, గుట్ట మాత్రం అదే.

మా అమ్మ దిక్కులు చూడలేదు. బావి గట్టు దగ్గర నిలబడి, తూర్పుకు తిరిగి, అడుగులో అడుగు వేసుకుంటూ లెక్కపెట్టుకొన్నది. ముప్పై రెండో అడుగు దగ్గర ఆగింది. కొంగు నడుముకు చుట్టి, వెదురు కర్రను రెండు చేతులా పట్టుకొని ఒక బీటలో పొడిచింది. దిగింది. ఇంకొక చోట పొడిచింది. దిగింది. నేను సాయం పట్టబోతే వద్దన్నది. ముసలమ్మలు చుట్టూ మూగారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఏడో చోటనో ఎనిమిదో చోటనో కర్ర కొంత దిగి, రాతికి తగిలి టక్కుమన్నది. ఆమె మళ్ళీ పొడిచింది, నాలుగు పక్కలా పొడిచి చూసింది. చుట్టూ తగులుతున్నది, నడుమ తగలడం లేదు.

"రోలే" అన్నది.

నడుమ గుంట ఉన్న రాయి ఊళ్ళో అదొక్కటే ఉన్నదా అని నేను అడగలేదు. ఆమె ఒండ్రు పైభాగం కర్రకు ఎక్కడ తగిలిందో అక్కడ బొటనవేలు నొక్కిపెట్టి, కర్రను మెల్లగా పైకి లాగింది. తడిమన్ను అంటుకొన్న మేరను జానతో కొలిచింది. మూడు జానలు, పైన నాలుగు వేళ్ళు. ఆ మేరను నా కలంతో గీత గీయమన్నది. గీశాను. పక్కన ఏడు కూడా వేయమన్నది. 2024 అని వేశాను.

తిరుగు బస్సులో కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. కర్ర పక్కవాళ్ళ మోకాళ్ళకు తగులుతోంది, పైన సామాన్ల మీద పెట్టమ్మా అన్నాడు. ఆమె పెట్టలేదు. నిలువుగా ఒడిలో పట్టుకొని, గీత చెరిగిపోకుండా దాని మీద అరచెయ్యి మూసి, పెబ్బేరు దాకా అలాగే కూచున్నది.